తిప్పని కొలత

ఆవిడ తల కాస్త ఎడమ పక్కకి వాలి ఉంటుంది. బస్సులో కూర్చున్నా, కూరగాయల బండి దగ్గర బేరమాడుతున్నా, ఎవరి మీదైనా ఒంటికాలి మీద లేచినా ఆ వాలు మాత్రం మారదు. కొత్తవాళ్లు మెడ పట్టేసిందనుకుని జాలిపడి నూనెల పేర్లు చెబుతారు. పాతవాళ్లు వాలుమెడ అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆ పేరు ఆవిడకి తెలుసు. ఎదురుగా పిలిస్తే పలుకుతుంది కూడా. వెనకాల పిలిస్తేనే కోపం.

ఆ మెడ ఎందుకలా వాలిందో తెలిస్తే జాలిపడేవాళ్లు నోరు మూసుకుంటారు. ఊరి చివర గుట్ట మీద ఆకాశాన్ని పరిశీలించే వేధశాల ఉంది. అందులో జంట నక్షత్రాలని కొలవడం వాలుమెడ ఉద్యోగం. మామూలు కంటికి ఒక్క చుక్కలా కనిపించేవాటిని టెలిస్కోపులోంచి చూస్తే చాలాచోట్ల రెండుంటాయి. ఏళ్ల తరబడి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూనే ఉంటాయి. వాటి మధ్య ఎడం ఎంత, ఒకదానికి రెండోది ఏ దిక్కున ఉంది, ఈ రెండు సంగతులే కొలవాలి. కన్ను పెట్టే చోట సాలీడు దారం బిగించిన చిన్న చట్రం ఉంటుంది. మరని తిప్పుతూ ఆ దారాన్ని రెండు చుక్కల మీదుగా పడుకోబెట్టాలి. వినడానికి ఇంతే. కానీ మనిషి కన్ను నిలువు గీతనీ అడ్డగీతనీ ఉన్నదున్నట్టు చూస్తుంది గాని, ఏటవాలు గీత దగ్గరకొచ్చేసరికి మోసం చేస్తుంది. అందుకని కొలిచేవాళ్లు చుక్కలు ఎలా వాలి ఉంటే తలని కూడా అలాగే వాల్చి చూస్తారు. వాలుమెడ తన ఉద్యోగంలో సగానికి పైగా ఒకే ఒక్క జంట కోసం తల ఎడమకి వాల్చింది. మెడ అక్కడే స్థిరపడిపోయింది.

అందరూ అనుకున్నట్టు అది అర్ధరాత్రి పనీ కాదు. జంటలని కొలవడానికి సందెవేళ మంచిది. ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురు ఉన్నప్పుడు చుక్కలు కళ్లు చెదిరేలా మెరవవు, గాలి కూడా కుదురుగా ఉంటుంది. కాబట్టి ఆవిడ మధ్యాహ్నం భోజనం చేసి, మొగుడు నడిపే బస్సులోనే గుట్టెక్కి, చీకటి చిక్కబడేసరికి అదే బస్సులో దిగి వచ్చేసేది. మొగుడు డ్రైవరు. మాట తక్కువ మనిషి. ఇంట్లో మాటల కోటా అంతా ఆవిడే వాడేస్తుంది కాబట్టి ఆయనకి ఆ అవసరం కూడా పడలేదు.

కొలిచేది ఆవిడైతే, ఆ కొలతల మీద లెక్క కట్టేది బావ. సొంత అక్క మొగుడు. వేధశాలలో లెక్కల గదిలో ఆయన బల్ల. ఏళ్లకేళ్ల కొలతలన్నీ ముందేసుకుని, ఆ చుక్కలు ఏ దారిన నడుస్తున్నాయో గీస్తాడు. దారి ఎంత పెద్దదో, చుట్టు పూర్తికావడానికి ఎంతకాలం పడుతుందో తేలితే ఆ నక్షత్రాల బరువు చెప్పేయవచ్చు. త్రాసులో పెట్టలేనివాటిని తూచడానికి మనిషి కనిపెట్టిన ఉపాయాల్లో ఇంతకన్నా నమ్మకమైనది లేదు. బావకి ఆ తూకం అంటే పిచ్చి. మరదలికి ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పి, దరఖాస్తు పెట్టించిందీ ఆయనే. ఆ మాట ఆయన అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాడు. ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఉద్యోగం ఇప్పించావు బావా. కళ్లు ఇప్పించలేదు."

అందరిదీ ఒకటే ఇల్లు. పైన అక్కాబావా, కింద డ్రైవరూ ఈవిడా. మధ్యాహ్న భోజనం మాత్రం నలుగురూ కింద గదిలో కలిసి చేస్తారు. అక్కకి వీధిలో కుట్టుకొట్టు ఉంది. అక్క పెట్టిన చట్టం ఏమిటంటే, భోజనం దగ్గర నక్షత్రాల ఊసెత్తకూడదు. వేధశాలలోనూ అలాంటి చట్టమే ఒకటుంది. లెక్క కట్టేవాడు తన అంచనాని కొలిచేవాళ్లకి చెప్పకూడదు. ఎడమవైపు ఉంటుందని చెవిన పడితే కన్ను ఎడమవైపే వెతుక్కుంటుంది మరి. బావ ఆ నియమాన్ని నిష్ఠగా పాటించేవాడు. ఒకే కంచం చుట్టూ తిరిగే మనుషులు ఇంత రహస్యంగా ఎలా బతికారా అని డ్రైవరు ఇప్పటికీ ఆశ్చర్యపోతాడు.

ఇక గొడవంతా ఎక్కడ వచ్చిందంటే, ఆ ఎడమవాలు జంటలో రెండు చుక్కలూ ఒకే వెలుగుతో ఉంటాయి. మామూలుగా జంటలో బాగా వెలిగేదాన్ని పెద్దది అని, మసకగా ఉన్నదాన్ని చిన్నది అని అంటారు. పెద్దదానికి చిన్నది ఏ వైపు ఉందో రాస్తారు. రెండూ సమానంగా వెలుగుతుంటే ఏది పెద్దదో, ఏది చిన్నదో ఎవరు చెప్పగలరు? కొలిచేవాళ్లు తికమకపడి ఇటుదాన్ని అటు రాయడం ఈ వృత్తిలో మామూలే. అలాంటప్పుడు లెక్కలవాళ్లు ఆ కొలతని అర చుట్టు తిప్పి సరిచేసుకుంటారు. దాన్ని తిప్పడం అంటారు. అచ్చులో అలాంటి కొలత పక్కన చిన్న కొక్కెం వేస్తారు. ఎవరికీ అందులో తప్పు కనిపించదు.

కానీ వాలుమెడ చేరిన కొత్తలోనే చెప్పింది, అందులో ఒకటి పిసరంత పసుపని. తెల్లది పెద్దది, పసుపుది చిన్నది అని తనకి తానే గుర్తు పెట్టుకుంది. వేధశాలలో ఉన్న వాళ్లంతా వంతులవారీగా కన్ను పెట్టి చూశారు. రెండూ తెలుపే అన్నారు. బావ కూడా చూసి తెలుపే అన్నాడు. అక్క మాత్రం చూడకుండానే చెల్లెలి మాట నమ్మింది. దానికి కారణం ఉంది. కొట్టుకి ఎవరైనా తెల్లగుడ్డ తెస్తే, దానికి సరిపోయే తెల్లదారం వెతకడానికి అక్క చెల్లెల్ని పిలుస్తుంది. డబ్బాలో ఉన్న తెల్లరీళ్లన్నీ మామూలు మనిషికి ఒక్కటే. ఈవిడ వాకిట్లో నిలబడి, ఇది పాలతెలుపు, ఇది సుద్దతెలుపు అంటూ సరిగ్గా ఆ గుడ్డలో కలిసిపోయే రీలు తీసి ఇచ్చేది. కుట్టు ఎక్కడుందో కనిపించేది కాదు.

ఆవిడ చేరిన రోజుల్లో పసుపుది కుడివైపు ఉండేది. ఏళ్లు గడిచేకొద్దీ రెండూ దగ్గరై, ఒక్కటిగా అతుక్కుపోయి, మళ్లీ విడిపోయాయి. విడిపోయాక పసుపుది ఎడమవైపు తేలింది. ఆవిడ ఎడమ అని రాసింది. ఏడాది చివర అచ్చైన పట్టిక చేతికి వచ్చేసరికి తన కొలతలన్నీ కుడివైపు ఉన్నాయి. ప్రతి దాని పక్కనా ఒక కొక్కెం.

అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టిక పట్టుకుని లెక్కల గదిలోకి నడిచింది.

"బావా, ఈ కొక్కేలేంటి?"

"తిప్పిన గుర్తు మరదలా. సమానంగా ఉండే జంటల్లో మామూలేగా."

"ఎవరు తిప్పారు?"

"నేనే."

"ఎవర్ని అడిగి?"

బావ పెన్నుకి మూత పెట్టాడు. "ఇందులో అడగడానికేముంది? ఇటుదాన్ని అటనుకున్నావు. అందరూ అనుకుంటారు. నేనేం తప్పు పట్టలేదే."

"తప్పు పట్టుంటే బాగుండేది. తప్పని రాస్తే నీతో దెబ్బలాడి తేల్చుకునేదాన్ని. నువ్వు నేను చూడనిదాన్ని చూశానని రాశావు. కింద నా పేరు పెట్టావు."

"ఇలా తిప్పితేనే దారి చక్కగా వస్తోంది."

"నీ దారి చక్కగా రావడానికి నా కళ్లెందుకు తిప్పావు? దారినే తిప్పుకోలేకపోయావా?"

గదిలో మిగతావాళ్లు కాగితాల్లో తలలు దూర్చేశారు. బావ నవ్వి ఊరుకోబోయాడు. అదే ఆయన చేసిన పెద్ద పొరపాటు. తిడితే మర్చిపోయేదేమో గాని, ఆ నవ్వుని మరదలు ఇన్నేళ్లలో ఒక్కసారీ క్షమించలేదు.

ఇద్దరి దారులకీ తేడా ఏమిటో చెప్పాలి. బావ దారి సాగదీసిన రబ్బరుబ్యాండు లాంటిది. పసుపు చుక్క కుడివైపు దూరంగా పోతుంది, మెల్లగా వెనక్కి వస్తుంది, తెల్లదాన్ని రాసుకునేంత దగ్గరగా గిర్రున చుట్టి మళ్లీ కుడికే పోతుంది. వాలుమెడ దారి గుండ్రటి కంచం. ఆ కంచాన్ని కంటి ఎత్తున పట్టుకుని అంచు మాత్రమే కనిపించేలా చూడాలి. అంచు మీద ఒక బొత్తాము తిరుగుతోందనుకుంటే, అది కుడికి పోతుంది, మధ్యకి వస్తుంది, ఎడమకి పోతుంది, మళ్లీ మధ్యకి వస్తుంది. రెండు దారుల్లోనూ ఎడం పెరగడం, తరగడం దాదాపు ఒకేలా ఉంటుంది. పసుపుది ఏ వైపు ఉందన్న ఒక్క మాట మీదే అంతా ఆధారపడి ఉంది. ఆ ఒక్క మాటతో చుట్టు తిరిగే కాలం మారుతుంది, దారి పెద్దదవుతుంది, నక్షత్రాల బరువు రెట్టింపు అవుతుంది. ఆ మాట చెప్పగలిగిన కళ్లు వేధశాలలో ఒక్క జతే ఉన్నాయి.

ఆ దెబ్బలాట జరిగిన సాయంత్రమే ఆవిడ టెలిస్కోపు దగ్గరికి వెళ్లింది. ఒళ్లంతా కోపం. కుర్చీ వాల్చింది, తల వాల్చింది, దారం సరిచేసింది. చూడకుండానే ఎడమ అని రాసేయవచ్చు. అలా రాయడానికి చెయ్యి దురద పెట్టింది కూడా. అయినా చూసింది. పసుపుది కుడివైపు కనిపించింది.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. కుడివైపే. పలచటి మబ్బేదైనా అడ్డం వచ్చిందో, కోపానికి కళ్లలో నీళ్లు తిరిగాయో, ఎందుకలా కనిపించిందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. కన్ను తనకి కనిపించింది చెప్పింది, చెయ్యి రాసింది. కుడి అని రాసి, కింద పేరు పెట్టి, బస్సెక్కింది. దారిలో మొగుడు రెండుసార్లు అద్దంలోంచి చూశాడు. అడగలేదు. ఆ మర్నాటి నుంచి పసుపుది మళ్లీ ఎడమవైపే ఉంది. ఆ తర్వాత ఎన్నడూ కుడికి రాలేదు.

ఏడాది చివరి పట్టికలో ఆవిడ కొలతలన్నింటికీ కొక్కేలు పడ్డాయి. ఆ ఒక్క సాయంత్రం కొలతకి మాత్రం పడలేదు. దాన్ని తిప్పాల్సిన అవసరం బావకి రాలేదు మరి.

ఇక బావ చేతికి ఆయుధం దొరికింది. ఆవిడ ఎప్పుడు వాదనకి దిగినా ఆయన అదే మాట తీసేవాడు. "మరదలా, ఓ సాయంత్రం నువ్వే నా పక్కన నిలబడ్డావు. నీ చేత్తోనే రాశావు." లెక్కల గదిలో నవ్వులు. ఆవిడ మొహం కందగడ్డ అయ్యేది. పై ఏడాది నుంచి తన ప్రతి కొలత కిందా ఎర్రసిరాతో తిప్పవద్దు అని రాయడం మొదలుపెట్టింది. వాళ్లు తిప్పుతూనే ఉన్నారు. ఆవిడ రాస్తూనే ఉంది. పై అధికారికి అర్జీ పెట్టింది. పరిశీలిస్తామన్నారు. ఆ అధికారి బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన కూడా పరిశీలిస్తామన్నాడు. మొండిఘటం అని పేరు వచ్చింది. రెండుసార్లు ప్రమోషన్ చేతిదాకా వచ్చి జారిపోయింది. వాలుమెడ పేరుకే అలవాటు పడ్డ మనిషికి మొండిఘటం ఒక లెక్కా?

చిత్రమేమిటంటే ఇంట్లో ఏ గొడవా లేదు. మధ్యాహ్నం బావ కంచంలో ఆవిడే వడ్డించేది. బావకి జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆవిడే. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, "తొందరగా లే బావా, నీతో దెబ్బలాడాలి" అంది. ఆయన నిజంగానే తొందరగా లేచాడు.

అలా ఏళ్లు గడిచి, జుట్టు నెరిసి, ఆ జంట మళ్లీ దగ్గరకి జరగడం మొదలుపెట్టింది. అప్పుడే వేధశాలకి కొత్త అధికారి వచ్చాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన. ఆయనతో పాటు కొత్త కెమెరా కూడా వచ్చింది. మనిషి కన్ను విడదీయలేని జంటలని అది విడదీస్తుంది, ఎడాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తుంది. కాబట్టి కంటితో కొలిచే విభాగం మూసేస్తారట. ఇన్నాళ్ల కంటి కొలతలన్నీ కలిపి ఆఖరి సంపుటం వేస్తారట. ఆ తర్వాత ఇంకేమీ ఉండదు. రాబోయే తరాల వాళ్లు నక్షత్రాలని తూచుకునేది ఆ పుస్తకం చూసే.

వాలుమెడ వెళ్లి ఆ కెమెరాని చుట్టూ తిరిగి చూసింది. దానికో లోపం ఉంది. సమానమైన జంటని చూపిస్తే ఎడం చెబుతుంది, వాలు చెబుతుంది. ఏది ఏ వైపు ఉందో మాత్రం చెప్పలేదు. అటైనా కావచ్చు, ఇటైనా కావచ్చు అంటుంది. "ఇది మా బావకి తగ్గ యంత్రం" అనేసి వచ్చేసింది.

సంపుటానికి కొలిచినవాళ్లంతా తమ తమ కొలతలు సరిగ్గా ఉన్నాయని సంతకం చేయాలి. అందరూ చేశారు. ఆవిడ చేయనంది. అధికారి గదికి పిలిచాడు.

"మేడమ్, మీ ఒక్క సంతకం కోసం పుస్తకం ఆగిపోయింది."

"ఆగనివ్వండి సార్."

"అందరి కష్టం ఉంది అందులో."

"నా కష్టం తలకిందులుగా ఉంది సార్ అందులో. నేను చూసింది చూసినట్టు వేయండి. ఇప్పుడే పెడతాను సంతకం."

అధికారి మంచివాడే పాపం. దారి వెతికాడు. "ఒక పని చేద్దాం. మీ వాదానికి అడ్డంగా ఉన్నది ఆ ఒక్క కొలత. దాన్ని పొరపాటని మీరే తీసేయండి. అప్పుడు మీవన్నీ ఒకే మాట మీద ఉంటాయి. తిప్పకుండా వేయించే పూచీ నాది."

ఆవిడ తల వాలు ఇంకాస్త ఎక్కువైంది. ఇన్నేళ్లుగా దేని కోసం పోట్లాడుతోందో అది బల్ల మీద పెట్టి అందిస్తున్నాడు. చెయ్యి చాపితే చాలు. నిజం చెప్పాలంటే ఆశ పుట్టింది. అంత పోట్లాడిన మనిషికి పుట్టదా?

"అది కూడా నేను చూసిందే సార్" అంది. "తీయను."

"అది తప్పని మీకే తెలుసుగా."

"తెలుసు. చూశానని కూడా తెలుసు."

ఆ సాయంత్రం బస్సులో మొగుడు నోరు విప్పాడు. "ఒక్కటేగా. తీసేస్తే పోయేది." ఆవిడ లేచి వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. బస్సులో ఇంకెవరూ లేరు. ఆ గుట్ట దిగినంతసేపూ డ్రైవరు ఖాళీ సీట్ల మధ్య నుంచి పెళ్లాన్ని అద్దంలో చూస్తూ బండి నడిపాడు. ఇంటి దగ్గర దిగుతూ, "సరేలే, తీయకు" అన్నాడు. అప్పుడు గాని ఆవిడ దిగలేదు.

ఆ కబురు బావకి కూడా చేరింది. మర్నాడు ఉదయం ఆయన మెట్లు దిగి వచ్చాడు. ఆవిడ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఆ ఒక్కటీ తీసేయమన్నారట."

"అన్నారు."

"తీసేస్తే నన్ను చిత్తుగా ఓడించేసేదానివి."

"నిన్ను ఓడించడానికా బావా ఇన్నాళ్లూ రాసింది? చూసింది రాశాను. అంతే."

బావ ఆరేసిన దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన పుట్టినప్పటి నుంచీ లెక్కల మనిషి. ఆ రోజు వేరే లెక్క ఒకటి తట్టింది. గెలవడం కోసం కళ్లని వంచే మనిషైతే ఆ కొలతని ఎప్పుడో చించేసేది. దాన్ని తీయకుండా ఉంచిన మనిషి మిగతావాటిలో మాత్రం ఎందుకు అబద్ధం చూస్తుంది? ఇన్నేళ్లుగా తను ఆయుధంగా వాడింది నిజానికి ఆవిడ తరఫు సాక్ష్యం.

అదే రోజు ఆయన లెక్కల గదిలో కూర్చుని ఒక పెద్ద వేధశాలకి ఉత్తరం రాశాడు. అక్కడ వెలుగుని రంగులుగా విడదీసి చూసే సునిశితమైన సాధనం ఒకటి కొత్తగా పెట్టారు. ఆ రంగుల్లో నల్లటి సన్నగీతలుంటాయి. ఒక నక్షత్రం మనవైపు వస్తూ, రెండోది దూరంగా పోతుంటే ఆ గీతలు రెండుగా చీలుతాయి. బావ దారి నిజమైతే, జంట దగ్గరైనప్పుడు పసుపుది గిర్రున చుట్టి వెళ్లాలి కాబట్టి గీతలు బాగా చీలాలి. మరదలి దారి నిజమైతే అప్పుడవి మనకి అడ్డంగా దాటుతుంటాయి కాబట్టి గీతలు కలిసిపోయి ఒక్కటిగా కనిపించాలి. జంట దగ్గరయ్యే రోజు ఎంతో దూరంలో లేదు. ఆ పరీక్ష పెట్టమని బతిమాలి రాశాడు. తన దారి పోతే తన పేరు మీదున్న అన్నిటికన్నా మంచి లెక్క పోతుందని తెలిసే రాశాడు. మనిషి మంచివాడే. కాస్త ఆలస్యంగా కదిలే రకం.

జవాబు వచ్చేదాకా పుస్తకం ఆపడానికి అధికారి ఒప్పుకున్నాడు. కానీ ఒక మాట అడిగాడు.

"పరీక్ష మీ బావగారి వైపు తేలితే సంతకం పెడతారా మేడమ్?"

"పెడతాను. తిప్పకుండా వేసి, పక్కన తప్పు చూసిందని రాయండి."

"తప్పని తేలాక కూడా తిప్పొద్దా?"

"తప్పైతే నా తప్పు సార్. అది నా పేరు మీదే ఉండాలి. పైనుంచి ఎవరో ఒప్పు పులమొద్దు."

ఆ నెలల్లో ఆవిడకి పని లేకుండా పోయింది. జంట దగ్గరై, పొడుగాటి చుక్కై, చివరికి ఒక్కటే చుక్కైపోయింది. అయినా రోజూ సందెవేళ వెళ్లి తల వాల్చి చూసి వచ్చేది. ఎదురుచూపులంటే ఆవిడకి చేతకాని పని. అక్క కొట్లో కూర్చుని దారాలు విడదీసింది, ఉన్న తెల్లరీళ్లన్నీ వరసగా పేర్చింది, ఎవరో చెయ్యి పెట్టి కలిపేస్తే వాళ్ల మీద విరుచుకుపడింది. బావ పైన గదిలో ఆ జంట ఊసే ఎత్తలేదు. ఇంట్లో ఇద్దరూ పరీక్ష రాసిన పిల్లల్లా తిరిగారు.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బావ ఆలస్యంగా మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కవరుంది. భోజనం దగ్గర మాట్లాడకూడదని గుర్తొచ్చి అక్క వైపు చూశాడు.

"చెప్పండి" అంది అక్క. "ఈ పూటకి నా చట్టం రద్దు."

"గీతలు కలిసిపోయాయి మరదలా. ఒక్కటే గీత."

వాలుమెడ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు. అక్క వీపు మీద చెయ్యేసింది. డ్రైవరు లేచి నీళ్ల గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు.

బావ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "నీ నక్షత్రాల్ని ఇన్నేళ్లూ సగం బరువే తూచాను. కిరాణా కొట్టు పెట్టుంటే జనం చితక్కొట్టేవాళ్లు."

"ఆ రోజు నువ్వు నవ్వావు బావా."

"నవ్వాను" అన్నాడు బావ. "నవ్వకుండా ఉండాల్సింది."

ఆ తర్వాత బావ తిండి నిద్ర మరిచి కొత్త దారి గీశాడు. కొక్కేలన్నీ తీసేశాడు. ఆఖరి సంపుటం అచ్చుకి వెళ్లే ముందు, తప్పులు దిద్దుకోవడానికి పుటలు వచ్చాయి. తన భాగం ఆవిడ ఇంటికి తెచ్చుకుంది. స్కేలు ఆనించి ఒక్కో వరసే చూసుకుంటూ పోయింది. ఎడమ, ఎడమ, ఎడమ. తను చూసినవి చూసినట్టు. అచ్చు వాసన ఇంత బాగుంటుందని ఆవిడకి అప్పుడే తెలిసింది. అలా వెళ్లి వెళ్లి ఆ సాయంత్రం దగ్గర స్కేలు ఆగింది.

అక్కడ కూడా ఎడమ అని ఉంది. కొక్కెం కూడా లేదు.

పుటలు పట్టుకుని మెట్లెక్కింది. బావ కిటికీ దగ్గర గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం మీద నురుగుంది.

"ఇదేంటి?"

బావ ఓ చూపు చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అది పొరపాటని తేలిపోయిందిగా. ఇన్నేళ్లూ దాంతోనే నిన్ను ఏడిపించాను. పుస్తకంలో నీ పేరు మీద మచ్చెందుకని..."

"మళ్లీ కుడికి మార్చు."

"అది తప్పు కొలత మరదలా."

"తప్పని నీకన్నా నాకే ముందు తెలుసు. ఆ సాయంత్రం నాకు కుడివైపే కనిపించింది. నేను చూడనిదాన్ని చూశానని మళ్లీ రాశావు. అప్పుడు నీ కోసం తిప్పావు, ఇప్పుడు నా కోసం తిప్పావు. నాకు రెండూ ఒకటే."

"నీ మేలు కోరే చేశాను."

"మేలు కోరి నా తప్పుని తిప్పనిస్తే, రేపెవడో ఇంకో మేలు కోరి నా ఒప్పుని తిప్పుతాడు. అప్పుడు నేనేమని అడ్డుపడను? దీని కోసమే కదా బావా ఇన్నాళ్లూ నీతో దెబ్బలాడింది."

బావ కత్తి పక్కన పెట్టాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, పెన్ను తీసి, ఎడమ కొట్టేసి కుడి అని రాశాడు. నురుగు బొట్టొకటి కాగితం మీద పడింది. ఆవిడ కొంగుతో అద్దింది.

"పక్కన పొరపాటు అని రాయనా?"

"రాయి. కొలిచింది నేనని కూడా రాయి."

రాశాడు. అప్పుడు ఆవిడ ఆయన చేతిలోంచే పెన్ను తీసుకుని, కిటికీ గట్టు మీద పుటలు ఆనించి, సంతకం పెట్టింది.

పుస్తకం వచ్చింది. కంటితో కొలిచే విభాగం మూసేశారు. ఆవిడ ఉద్యోగం అయిపోయింది గాని మెడ మాత్రం అలాగే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ పుస్తకం తీసి ఒక పుట తెరిచి చూపిస్తుంది. అందులో ఒక సన్నటి గీత ఉంటుంది, దాన్ని అంటిపెట్టుకుని కొలతకొకటి చొప్పున బోలెడన్ని చుక్కలుంటాయి, ఒక చుక్క మాత్రం అన్నిటికీ దూరంగా అవతలివైపు ఒంటరిగా ఉంటుంది. ఆవిడ వేలు తిన్నగా ఆ ఒంటరి చుక్క మీదికే పోతుంది.

"ఇది నేను కోపంలో కొలిచింది" అంటుంది.

మరి ఆ గీతేమిటని అడిగితే, అది మా బావ గీశాడని చెబుతుంది.